బ్రేకు తొక్కితే రెండు రూపాయలు

ఆర్టీసీ డిపోలో డ్రైవరును అంచనా వేయడానికి ముఖ్యంగా రెండు లెక్కలు చూస్తారు. ఒకటి ప్రమాదాల లెక్క, రెండోది కెఎంపిఎల్, అంటే లీటరు డీజిల్‌కు బస్సు నడిచిన కిలోమీటర్లు. డ్యూటీ ముగించుకుని బస్సు డిపోకు వచ్చాక డీజిల్ నింపి, ఎన్ని కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు పట్టిందో రాస్తారు. ఆ అంకె ముందు డ్రైవరు చెప్పే సాకులేవీ నిలబడవు. పల్లె వెలుగు బస్సుకు కెఎంపిఎల్ ఐదు చుట్టూ తిరుగుతుంది. ఒకరు ఐదు తెచ్చి, అదే రూటులో అదే బస్సు మీద ఇంకొకరు ఐదున్నర తెస్తే, రోజుకు 300 కిలోమీటర్ల మీద ఐదు లీటర్ల పైచిలుకు తేడా. డిపో నిండా ఉన్న బస్సులకు ఏడాది పొడవునా ఆ లెక్క కట్టండి, మేనేజర్లకు నిద్ర ఎందుకు పట్టదో అర్థమవుతుంది.

ఉద్యోగంలో చివరి ఏళ్లు నేను సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టరుగా పనిచేశాను. కెఎంపిఎల్ తగ్గిన డ్రైవరు పక్కన కూర్చుని, అతని రూటులోనే వెళ్లి, ఎక్కడ డీజిల్ పోతోందో చూడడం నా పని. నేను చూసినంతలో రెండు లెక్కలూ జోడుగానే నడిచాయి. డీజిల్ ఎక్కువ తాగించే చేతుల్లోనే బస్సుకు గీతలు, సొట్టలు ఎక్కువగా పడేవి. పొదుపు, భద్రత వేరు వేరు పాఠాలు కావని అప్పుడే నాకు గట్టిగా నమ్మకం కుదిరింది.

ఇప్పుడు విజయవాడలో మా కాలనీవాళ్లు, చుట్టాలు తమ కార్ల గురించి అడుగుతుంటారు. హైదరాబాదులో ఉండే మా మేనల్లుడు ఫోను చేసినప్పుడల్లా, "మామయ్యా, ఈ కారు మైలేజీ ఇవ్వడం లేదు" అంటాడు. కారు ఇవ్వదురా, మనం తీసుకోవాలి అంటాను. ఎలా తీసుకోవాలో చెప్పడానికే ఇదంతా. లెక్క సులువుగా ఉండేందుకు లీటరు పెట్రోలు 110 రూపాయలు అనుకుందాం. మీ ఊళ్లో కాస్త అటూ ఇటూగా ఉండవచ్చు.

ముందు కొలవండి

డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ అంకెను పక్కన పెట్టండి. చాలా కార్లలో అది యజమానిని సంతోషపెట్టే వైపే మొగ్గుతుంది. డిపో పద్ధతే మేలు. బంకులో నాజిల్ తనంతట తాను ఆగేవరకు ట్యాంకు నింపించండి. ట్రిప్ మీటరు సున్నాకు తీసుకురండి. ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయ్యేవరకు మామూలుగా నడపండి. మళ్లీ అదే బంకులో నాజిల్ ఆగేవరకు నింపించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. బిల్లు వెనక రాసి కారులోనే ఉంచండి. రెండు మూడు బిల్లులు పోగైతే మీ కెఎంపిఎల్ మీకు తెలుస్తుంది. ఇది తెలియకుండా చేసే పొదుపు అంతా ఊహే.

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 ఇస్తోందనుకోండి. దాన్ని 18కి తెస్తే నెలకు 11 లీటర్లు, అంటే 1,200 రూపాయల పైన మిగులుతుంది. ఇది అత్యాశ కాదు. అమెరికా ఇంధన శాఖ లెక్కల ప్రకారం దూకుడుగా నడపడం వల్ల హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజీ పడిపోతుంది. మన ట్రాఫిక్ వాళ్ల ట్రాఫిక్ కన్నా మెత్తనిదేమీ కాదు.

బ్రేకు లెక్క

పెట్రోలు ఖర్చు అనగానే అందరూ యాక్సిలరేటర్ వైపు చూస్తారు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నప్పుడు బ్రేకు మీద పడే కాలినే చూసేవాణ్ణి. వేగం తెచ్చుకోవడానికి పెట్రోలు కాలుస్తాం. బ్రేకు తొక్కగానే ఆ వేగమంతా వేడిగా మారి చక్రాల దగ్గర గాలిలో కలిసిపోతుంది. అది తిరిగి ట్యాంకులోకి రాదు.

ఎంత పోతుందో లెక్క కట్టవచ్చు. మనుషులతో కలిపి 1,100 కిలోలున్న చిన్న కారు 60 కిలోమీటర్ల వేగంలో ఉంది. ఇంజను పెట్రోలులోని శక్తిలో నాలుగో వంతునే చక్రాలకు అందిస్తుందనుకుంటే, ఆ వేగాన్ని తెచ్చుకోవడానికి సుమారు 19 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే 60 నుంచి సున్నాకు వచ్చిన ప్రతిసారీ రెండు రూపాయలు రోడ్డు మీద పారేసినట్టు. 80 నుంచి అయితే మూడున్నర దాటుతుంది. 100 నుంచి అయితే ఆరు రూపాయలకు దగ్గర. వేగం రెట్టింపైతే ఈ నష్టం నాలుగింతలవుతుంది. నిండు బస్సును 60 నుంచి ఆపితే పదిహేను రూపాయల పైమాటే, అందుకే ఆర్టీసీవాళ్లకు బ్రేకంటే అంత పట్టింపు.

పైసలకు కక్కుర్తి పడి బ్రేకు తొక్కవద్దని చెప్పడం లేదు. పిల్లవాడు అడ్డం వస్తే వంద రూపాయల బ్రేకైనా తొక్కాలి. నేను చెప్పేది అవసరం లేని బ్రేకుల గురించి. ముందు ఎర్ర లైటు కనిపిస్తున్నా యాక్సిలరేటర్ మీద కాలుంచి, దగ్గరికి వెళ్లి గట్టిగా ఆపేవాళ్లను ఏ సిగ్నల్ దగ్గరైనా చూడవచ్చు. లైటు కనిపించినప్పుడే కాలు తీసేస్తే కారు గేరులో ఉండగానే మెల్లగా వేగం తగ్గుతుంది. చేరేసరికి ఒక్కోసారి పచ్చ లైటు పడుతుంది, పూర్తిగా ఆగే అవసరమే ఉండదు. సిగ్నల్ దగ్గర అంకెలు తిరిగే టైమరు ఉంటే ఇది ఇంకా సులువు. నగరంలో 40 వేగం నుంచి ఒక ఆగడం తప్పితే తొంభై పైసలు. రోజుకు పది తప్పించుకుంటే నెలకు రెండు వందల పైన. ఈ మిగులుకు మీరు పెట్టే పెట్టుబడి చూపు ఒక్కటే.

చూపు ఎక్కడ ఉండాలి

కొత్త డ్రైవర్లు ముందున్న బండి వెనక లైట్లనే చూస్తూ నడుపుతారు. అది వెలిగితే వీళ్లూ తొక్కుతారు, ఆరితే వీళ్లూ వదులుతారు. అంటే ముందువాడు చేసే తప్పులన్నిటికీ పెట్రోలు వీళ్లు పోస్తున్నారన్నమాట. మీ చూపు ఆ బండి మీదుగా, దాని పక్కనుంచి, దానికి ముందున్న రెండు మూడు బండ్ల వరకు వెళ్లాలి.

షేర్ ఆటో వెనక వెళ్తున్నప్పుడు ఆటోను కాదు, రోడ్డు పక్కన నిలబడ్డ మనిషిని చూడండి. ఆ మనిషి చెయ్యి లేచిందంటే ఆటో ఇండికేటర్ లేకుండా అక్కడే ఆగుతుంది. ఆటోవాలాకు తెలిసేటప్పటికే మీకూ తెలిసిపోవాలి. బస్టాపులో నలుగురు నిలబడి ఉంటే ముందున్న బస్సు ఆగుతుంది. బడి వదిలే వేళ సైకిళ్లు తిన్నగా వెళ్లవు. ఉయ్యూరు దగ్గర చెరకు సీజనులో ట్రాక్టర్లు రెండేసి ట్రక్కులతో, వెనక లైటు లేకుండా వెళ్తుంటాయి. సాయంత్రం ఏడు తర్వాత అక్కడ ముందు నల్లగా ఏదైనా కనిపిస్తే అది చీకటి అనుకోవద్దు. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, అంచున రాళ్లు కూడా పెడతారు. ఇవన్నీ తెలిసినవే. తెలిసినదాన్ని పది సెకన్లు ముందుగా గుర్తుపట్టడమే నేర్పు. గుర్తుపట్టినవాడు కాలు తీసేసి ఊరుకుంటాడు. గుర్తుపట్టనివాడు సడన్ బ్రేకు వేసి, హారన్ కొట్టి, ఆటోవాలాను తిట్టి, మళ్లీ మొదటి గేరు నుంచి మొదలుపెడతాడు.

ముందు బండికి ఎంత దూరం ఉండాలన్నదానికి మీటర్లు కొలవనక్కర్లేదు. అది ఒక కరెంటు స్తంభాన్నో కిలోమీటరు రాయినో దాటగానే "వెయ్యిన్ని ఒకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు" అని మనసులో లెక్కపెట్టండి. అది పూర్తికాకముందే మీరు ఆ రాయిని చేరితే దగ్గరగా ఉన్నట్టు. 80 వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మనం చూసి, అర్థం చేసుకుని, కాలు కదిపేలోపే అందులో చాలా దూరం అయిపోతుంది. వానలో లెక్కను ఐదు వరకు పెంచండి.

ఇక్కడ మా మేనల్లుడికి ఎప్పుడూ ఒక అభ్యంతరం. "ఖాళీ వదిలితే ఎవడో ఒకడు దూరతాడు కదా మామయ్యా." దూరనివ్వు. కాలు కొంచెం తీస్తే మళ్లీ మూడు సెకన్ల ఖాళీ వస్తుంది. దారి పొడవునా పదిమంది దూరితే నువ్వు పోగొట్టుకునేది అర నిమిషం. ఖాళీ ఇవ్వకూడదని అతుక్కుని నడిపితే ప్రతి కిలోమీటరుకు రెండు బ్రేకులు, రెండు పికప్పులు. ఆ ఖాళీ ఇతరులకు చేసే ఉపకారం కాదు, నీ బ్రేకు తొక్కకుండా ఉండడానికి నువ్వు ఉంచుకున్న చోటు.

గేర్లు, క్లచ్

మొదటి గేరు బండిని కదపడానికే. పెట్రోలు కారైతే 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య, డీజిల్ అయితే 2,000 దగ్గరలో పై గేరు వేసుకుంటూ పోవాలి. పాదాన్ని మరీ భయంగా ఆనించి నిమిషంసేపు రెండో గేరులోనే పాకడం కూడా దండుగే. ఒక మోస్తరుగా వేగం తెచ్చుకుని త్వరగా పై గేరుకు చేరి, అక్కడ నిలకడగా ఉండాలి. ఇంజను వణుకుతూ గుడగుడమంటే గేరు ఎక్కువైందని అర్థం, ఒకటి తగ్గించండి. ఆటోమేటిక్ కారుకు గేరు ఎంచుకునేది మీ పాదమే. మెల్లగా తొక్కితే త్వరగా పై గేరుకు వెళ్తుంది, గట్టిగా తొక్కితే కిందికి దిగి అరుస్తుంది.

క్లచ్ మీద పాదం ఆనించి నడిపే అలవాటు నాకు అన్నిటికన్నా చికాకు. ఎడమ కాలికి పక్కన చోటు ఇచ్చింది అక్కడ పెట్టుకోవడానికే. ఎత్తు మీద ట్రాఫిక్ ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌లో కారును ఊగిసలాడిస్తూ నిలబెట్టేవాళ్లుంటారు. పెట్రోలు కాలుతుంది, క్లచ్ ప్లేటు అరుగుతుంది, కారు వెనక్కి జారితే వెనకవాడి బానెట్టు పోతుంది. హ్యాండ్‌బ్రేకు వేయండి. కదిలేటప్పుడు క్లచ్ పట్టుకున్నాక హ్యాండ్‌బ్రేకు వదలండి.

న్యూట్రల్ భ్రమ, ఘాట్ దారి

పల్లం రాగానే న్యూట్రల్‌లో వేసి, ఇంకొందరు ఏకంగా ఇంజను ఆపేసి, పెట్రోలు మిగిలిందని సంబరపడతారు. కార్బ్యురేటర్ రోజుల నుంచి వస్తున్న నమ్మకం ఇది. ఇప్పటి ఇంజన్లలో ఇంధనాన్ని కంప్యూటర్ కొలిచి పంపుతుంది. కారు గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు లేకపోతే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. తిరుగుతున్న ఇంజనుకు పెట్రోలు ఎందుకని కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది. వేగం బాగా తగ్గి ఇంజను ఆగిపోయే పరిస్థితి వచ్చేవరకు చుక్క పడదు. అదే న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు పంపక తప్పదు. అంటే పల్లంలో న్యూట్రలే ఖర్చు, గేరే పొదుపు.

డబ్బు సంగతి అటుంచి, ప్రాణం సంగతి చూడండి. న్యూట్రల్‌లో దిగుతున్న బండిని ఆపే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. తొక్కి తొక్కి అవి కాలి వాసన వస్తాయి. ఆ తర్వాత పెడల్ తొక్కినా పట్టు ఉండదు. ఇంజను ఆపేస్తే ఇంకా ఘోరం. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగ్ పనిచేయదు, తాళం కాస్త ఎక్కువ తిరిగితే స్టీరింగే లాకైపోతుంది.

ఘాట్ డ్రైవర్లకు చెప్పే పాఠం ఒకటే: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. రెండో గేరు, అవసరమైతే మొదటి గేరు వేసి ఇంజనుతోనే వేగాన్ని పట్టి ఉంచాలి. మలుపుకు ముందు బ్రేకు ఒకసారి గట్టిగా తొక్కి పూర్తిగా వదిలేయాలి. దారి పొడవునా దాన్ని నొక్కి పట్టుకోకూడదు. తిరుమల ఘాట్ రోడ్డులో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు కనీస సమయంగా పెట్టారు. అంతకన్నా ముందే చేరితే తప్పే. ఎక్కడానికన్నా దిగడానికి ఎక్కువ సమయం ఎందుకిచ్చారో ఆలోచించండి. అనంతగిరి మీదుగా అరకు వెళ్లినా, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లినా ఇదే పద్ధతి. ఎక్కేవాళ్లకు దారి ఇవ్వండి, మలుపులో ఓవర్‌టేక్ వద్దు, పొగమంచులో క్రూజ్ కంట్రోల్ (వేగాన్ని దానంతట అదే నిలిపే ఏర్పాటు) ముట్టుకోవద్దు.

హైవే మీద

నాలుగు వరసల జాతీయ రహదారి మీద కారుకు 100, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 వరకు అనుమతి ఉంది. అనుమతి ఉంది కదా అని అంతా వాడుకోవాలని లేదు. గాలి కారును వెనక్కి తోసే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళితే ఆ బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కారు ఏదైనా దాని పొదుపు వేగం మనం అనుకునేదాని కన్నా కిందే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 1978లో ఏర్పాటుచేసిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఏళ్ల తరబడి చెబుతున్నది గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు. హైవే మీద 50లో వెళ్లమని నేను అనను. వెనకనుంచి వచ్చే లారీలతో అదొక ప్రమాదం. ఎడమ వరసలో 80 దగ్గర నిలకడగా ఉండమంటాను.

విజయవాడ నుంచి హైదరాబాదు సుమారు 275 కిలోమీటర్లు. ఊళ్లు, టోల్‌గేట్లు పోగా 200 కిలోమీటర్లు ఏకబిగిన నడిపే దారి అనుకుందాం. 100లో రెండు గంటలు, 80లో రెండున్నర. లెక్కలో అరగంట తేడా. కానీ 100 పట్టుకున్నవాడు అడుగడుగునా ఎవరినో దాటాలి, డివైడర్ ఖాళీలో అడ్డం వచ్చే బైకుకు బ్రేకు వేయాలి, మళ్లీ పికప్ అందుకోవాలి. చిల్లకల్లు టోల్ దగ్గర నన్ను దాటిన కారు కొర్లపహాడ్ దగ్గర నా పక్క వరసలో ఆగి ఉండడం నాకు అలవాటైన దృశ్యం. 80లో లీటరుకు 20 ఇచ్చే కారు 100లో 16, 17కి పడిపోతే ఆ దారిలో రెండు లీటర్ల పైనే పోతుంది. అరగంటకు 230 రూపాయలు, పైగా ఒళ్లు నొప్పులు. అరగంట కావాలంటే అరగంట ముందు బయలుదేరండి. తెల్లవారుజామున బెంజ్ సర్కిల్ దాటినవాడికి ఇబ్రహీంపట్నం ట్రాఫిక్ కూడా తప్పుతుంది.

పైన క్యారియర్ ఉంటే వాడనప్పుడు విప్పేయండి, గాలికి అదొక అడ్డుగోడ. డిక్కీలో పోయిన వేసవి నూజివీడు మామిడి బుట్టలు, విరిగిన స్టాండు, పెళ్లికి తెచ్చిన గిన్నెలు తిరుగుతుంటాయి. స్టెప్నీ, జాకీ, ప్రథమ చికిత్స పెట్టె, నీళ్ల బాటిల్ ఉంచి మిగతావి ఇంట్లో దించండి.

టైర్లలో గాలి

అన్నిటికన్నా చవకైన పొదుపు ఇదే, అందరూ మరిచిపోయేదీ ఇదే. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీదో, పెట్రోలు మూత లోపలో ఒక స్టిక్కర్ ఉంటుంది. ఇద్దరుంటే ఎంత, నిండుగా ఉంటే ఎంత అని ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేరుగా రాసి ఉంటుంది. ఆ అంకె పట్టుకోండి. టైరు గోడ మీద ఉండే పెద్ద అంకె అది భరించగల గరిష్ఠం, మీరు పెట్టాల్సింది కాదు. పంచర్ షాపు కుర్రవాడు అడగకుండానే అన్నిటికీ ఒకే అంకె కొట్టేస్తాడు, మీరే చెప్పాలి. పదిహేను రోజులకోసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, అంటే రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగకముందు చూపించండి. స్టెప్నీని కూడా.

అన్ని టైర్లలో సగటున గాలి ఒక పాయింటు (పీఎస్‌ఐ) తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికావాళ్ల అంచనా. పది పాయింట్లు తగ్గిన టైర్లతో తిరిగేవాళ్లు నాకు తరచూ కనిపిస్తారు. అది పెట్రోలు నష్టం మాత్రమే కాదు. ఎండాకాలం టైరు పేలుతుందని కావాలనే గాలి తగ్గించి హైవే ఎక్కుతారు కొందరు. ఇది తలకిందుల వైద్యం. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ పక్క గోడల దగ్గర నలిగి వేడెక్కుతుంది. రోహిణి కార్తె ఎండలో, నిండు కారులో, 100 వేగంలో రెండు గంటలు అలా నలిగిన టైరు పేలక ఏమవుతుంది? వేడికి గాలి పీడనం కొంచెం పెరుగుతుందని కారు తయారుచేసినవాళ్లకు తెలుసు, ఆ లెక్క కలుపుకునే స్టిక్కర్ వేశారు. దారి మధ్యలో వేడి మీద కొలిచి ఎక్కువ కనిపించిందని గాలి తీయవద్దు. నైట్రోజన్ ఉచితంగా పెడితే పెట్టించుకోండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, దానికోసం బంకులు వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే మార్చేయండి, వానలో ఆ టైరు రోడ్డును పట్టుకోదు.

కారు చదునైన చోట న్యూట్రల్‌లో ఒక మనిషి తోస్తే సులువుగా కదలాలి. కదలకపోతే బ్రేకు ఏదో చక్రాన్ని పట్టి ఉంచినట్టు. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మిగతావాటికన్నా ఎక్కువ వేడి తగిలినా అదే అనుమానం. మెకానిక్ దగ్గరికి వెళ్లండి. గాలి ఫిల్టర్, ఇంజను ఆయిలు కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువు ప్రకారం మార్చండి. మైలేజీ పెంచుతుందని అమ్మే అయస్కాంతాలు, సీసా మందులు కొనకండి.

నిలబడి కాల్చే పెట్రోలు

ఉదయం బస్సును స్టార్టు చేసి కాసేపు ఉంచడం చూసి కార్లవాళ్లూ అదే చేస్తుంటారు. బస్సుకు గాలి బ్రేకులు ఉంటాయి. ట్యాంకులో గాలి నిండేదాకా కదిలించకూడదు, అందుకని ఇంజను నడిపి ఉంచుతాం. మీ కారుకు ఆ అవసరం లేదు. స్టార్టు చేసి, సీటు బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచూసుకునేంత సమయం చాలు. మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే ఇంజను దానంతట అదే వేడెక్కుతుంది. చల్లని ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది కాబట్టి, పాలకు ఒకసారి, కూరలకు ఒకసారి, మందులకు ఒకసారి కారు తీయకుండా అన్నీ ఒక చుట్టులో కానివ్వండి.

నిలబడి తిరిగే చిన్న కారు గంటకు అర లీటరు నుంచి లీటరు వరకు కాలుస్తుంది. ఏసీ వేస్తే పై అంకెకు దగ్గరగా ఉంటుంది. సిగ్నల్ అర నిమిషం మించి ఉంటే ఇంజను ఆపండి, టైమరు పది సెకన్లకు వచ్చినప్పుడు స్టార్టు చేసి సిద్ధంగా ఉండండి. ఎత్తు మీద, సిగ్నల్ లేని చిన్న కూడలిలో ఈ పని వద్దు.

ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీ పూర్తిగా పెట్టకండి. రెండు వైపులా తలుపులు తెరిచి నిమిషం ఆగండి. మొదటి కిలోమీటరు అద్దాలు దించి నడపండి, లోపలి సెగ బయటికి పోతుంది. తర్వాత ఏసీ వేసి, లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కండి. హైవే వేగంలో అద్దాలు దించుకుని వెళ్లడం కన్నా ఏసీయే మేలు. మే నెలలో ఏసీ ఆపి చెమటలు కక్కుతూ నడపమని మాత్రం చెప్పను. అలసిన డ్రైవరు మిగిల్చే పెట్రోలు ఎవరికీ వద్దు.

బీఎస్-6, అంటే కొత్త కాలుష్య ప్రమాణాల డీజిల్ కారు ఉన్నవాళ్లకు ఒక మాట. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. ఊళ్లో చిన్న చిన్న దూరాలకే తిప్పుతుంటే అది మూసుకుపోతుంది. అప్పుడప్పుడు హైవే మీద అరగంట నిలకడగా నడిపితే మసి కాలి శుభ్రపడుతుంది. ఇక్కడ పొదుపు చేస్తే గ్యారేజి బిల్లు పెద్దదవుతుంది.

బంకు దగ్గర

తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ పెట్రోలు వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. బంకు ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, అక్కడ పగటికి రాత్రికి వేడిలో తేడా నామమాత్రం. వందకు కాకుండా నూటపదికి పోయిస్తే మోసం జరగదన్నదీ అంతే. మీటరు సున్నా చూసి, నాజిల్ పెట్టాక కళ్లు దాని మీద ఉంచండి. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలత పాత్రతో కొలిచి చూపమని అడగండి. ప్రతి బంకులోనూ అది ఉండాలి, అడిగే హక్కు మీకుంది. నాజిల్ ఆగాక ఇంకో యాభై రూపాయలకు కుదించి పోయించవద్దు. ట్యాంకులో ఆవిరికి వదిలిన చోటు అది. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలుతో మైలేజీ కాస్త తగ్గిందని కొందరు అడుగుతున్నారు. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి కొంత తగ్గడం సహజం. దాన్ని మనం మార్చలేం. పాదాన్ని మార్చుకోగలం.

రెండు చక్రాలవాళ్లకు

పైవన్నీ బైకుకూ వర్తిస్తాయి, రెండు మూడు అదనం. వెనక బ్రేకు పెడల్ మీద కాలు ఆనించి నడపడం బైకుల్లో మరీ ఎక్కువ. బ్రేకు షూ అరుగుతుంది, చక్రం పట్టేస్తుంది, పెట్రోలు పోతుంది, వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉంటే వెనకవాడు మీరు నిజంగా ఆగుతున్నారో లేదో గుర్తుపట్టలేడు. గొలుసు మరీ బిగుతుగానూ వేలాడుతూనూ ఉండకూడదు, ఎండి తుప్పు పట్టకూడదు. వెనక ఇంకొకరు కూర్చునేట్టయితే వెనక టైరులో గాలి పుస్తకంలో చెప్పినంత పెంచండి. 40, 50 మధ్య పై గేరులో వెళ్లే బైకుకు మించిన పొదుపు బండి లేదు. సిగ్నల్ పచ్చబడగానే స్కూటర్ చెవి పూర్తిగా మెలితిప్పితే తర్వాతి సిగ్నల్ దగ్గర అందరితో కలిసే నిలబడతారు. హెల్మెట్ పట్టీ పెట్టుకోండి, ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్ ట్యాంకునే కాపాడుతుంది.

చివరగా, ఒక్కరే హైదరాబాదు వెళ్లాలంటే కారు తీయకండి. లీటరుకు 18 వచ్చినా పెట్రోలుకే 1,700 దగ్గర, టోళ్లు వేరు. ఆర్టీసీ సూపర్ లగ్జరీ బస్సులో అందులో సగం కూడా కాదు, ముందు వరసలో సీటు తీసుకుంటే డ్రైవరు బ్రేకు ఎప్పుడెప్పుడు తొక్కుతున్నాడో కూడా చూడవచ్చు. నేను ఇప్పటికీ అక్కడే కూర్చుంటాను. ఎక్కువ తొక్కితే సూర్యాపేటలో టీ తాగేటప్పుడు మెల్లగా ఒక మాట అంటాను.